దూలం వయసు ఎవరు చెప్పాలి?

అనకాపల్లిలో పాత ఇల్లు విప్పితే దాని కలప ముందుగా చేరేది పాత సామాన్ల అడితికే. గోడకి ఆనించిన ద్వారబంధాలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన దూలాలు, మేకులు పీకిన వాసాలు, మూల పడేసిన గడపలు. అక్కడ బేరమంతా రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. "రంగం టేకండి బాబూ" అనేది మొదటిది. "నూట యాభై ఏళ్ల నాటిది" అనేది రెండోది. మొదటి మాటకి రుజువు అడిగితే కర్ర మీద నీళ్లు చల్లి రంగు చూపిస్తారు. రెండో మాటకి రుజువు అడిగితే నవ్వి ఊరుకుంటారు.

ఆ రెండింటికీ జవాబు దూలం కోసిన మొన మీదే ఉంది. దుమ్ము దులిపి, ఉప్పుకాగితంతో కాసేపు నున్నగా రుద్దితే వంపు గీతలు పైకి తేలతాయి. ఒక్కో గీత మొదట్లో సూదిమొన పట్టేంత రంధ్రాలు వరసకట్టి ఉంటాయి. ఆ తర్వాత కర్ర దట్టమవుతుంది. మళ్లీ రంధ్రాల వరస, మళ్లీ దట్టమైన కర్ర. అలాంటి జత ఒక్కోటి ఒక్కో ఏడు. కొన్ని జతలు వేలి మందాన, కొన్ని గోటి అంచంత సన్నగా ఉంటాయి. ఆ వెడల్పుల వరసని చదివి, చెట్టు ఏ ఏట పడిందో చెప్పే విద్యకి డెండ్రోక్రోనాలజీ అని పేరు. మన మాటలో వలయాల లెక్క. ఈ లెక్క లోకంలో ఏం తేల్చింది, మన ఇళ్ల కర్రకి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ మోసపోతాం అన్నదే ఈ సమీక్ష.

అడితిలో పుట్టిన శాస్త్రం

ఈ విద్య మొదలైంది కూడా కలప అడితిలోనే. ఎ.ఇ. డగ్లస్ అమెరికాలో ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మీద మచ్చలు పెరిగి తరిగే పదకొండేళ్ల చక్రం భూమి మీద వానల్ని మారుస్తుందా అన్నది ఆయన అనుమానం. పాత వానల లెక్కలు లేని ఎడారి రాష్ట్రం అరిజోనాలో వాటిని ఎక్కడ వెతకాలి? చెట్లలో వెతకాలనుకున్నాడు. 1904లో ఫ్లాగ్‌స్టాఫ్‌లోని కలప యార్డుకి వెళ్లి దుంగల వలయాలు కొలవడం మొదలుపెట్టాడు. ఒక ప్రాంతంలో చెట్లన్నీ ఒకే కరువుని ఒకేలా రాసుకుంటాయని ఆ కొలతల్లో తేలింది. ఒక దుంగలో సన్నం, సన్నం, లావు, సన్నం అన్న వరస కనిపిస్తే పక్క కొండ మీద కొట్టిన దుంగలోనూ అదే వరస కనిపించింది.

అసలు కిటుకు అక్కడుంది. ఉత్త వలయాలు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లు బతికిందో తెలుస్తుంది, ఎప్పుడు బతికిందో తెలియదు. కొట్టిన ఏడు తెలిసిన చెట్టుతో మొదలుపెట్టి, దాని లోపలి వలయాల వరసని అంతకన్నా పాత దుంగ బయటి వలయాలతో, ఆ దుంగ లోపలి వరసని ఇంకా పాత దూలంతో జత చేస్తూ వెనక్కి నడవాలి. గొలుసుకి కొత్త కొక్కెం తగిలించినట్టు ఒక్కో కర్రా వరసని కొన్నేళ్లు వెనక్కి పొడిగిస్తుంది. అలా తయారయ్యే మూల వరసకి ఏ పాత దూలాన్నైనా పోల్చి చూడవచ్చు.

డగ్లస్‌కి చాలాకాలం రెండు వరసలు విడివిడిగా ఉండిపోయాయి. ఒకటి నాటి చెట్ల నుంచి వెనక్కి వెళ్లేది. రెండోది పాడుబడ్డ ప్యూబ్లో ఆదివాసుల ఇళ్ల దూలాల నుంచి కూర్చిన 585 ఏళ్ల తేలుడు వరస. దానికి ముందువెనకలు తెలుసు గాని క్యాలెండర్‌లో చోటు తెలియదు. 1929 జూన్ 22న షోలో అనే ఊళ్లో కాలిన దూలం ఒకటి దొరికింది. దానికి హెచ్‌హెచ్-39 అని నంబరు వేశారు. 1237 నుంచి 1380 దాకా దాని వలయాలు రెండు వరసల్నీ కలిపాయి. ఒక బొగ్గు పట్టిన ముక్కతో నైరుతి అమెరికాలోని ప్రాచీన గృహాలకి ఒక్కసారిగా సంవత్సరాలు వచ్చాయి. ఆ దూలాన్ని పొయ్యిలో పెట్టి ఉంటే ఆ చరిత్ర ఇంకెన్నాళ్లు ఆగేదో.

నమ్మకాలు సరిచేసిన కర్రలు

ఇంగ్లండులోని గ్రీన్‌స్టెడ్ గ్రామంలో నిలువు ఓక్ దుంగలతో కట్టిన చర్చి ఉంది. క్రీ.శ. 845 నాటిదని చాలాకాలం చెప్పుకున్నారు. 1990లలో వలయాలు చూస్తే ఆ దుంగలు 1053 తర్వాతే కొట్టినవని తేలింది. రెండు వందల ఏళ్ల పురాతనత్వం ఒక్క నివేదికతో పోయింది. అయినా చర్చి విలువ పోలేదు, దాని కథ మాత్రం మారింది.

జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో మెలిక ఇంకో రకం. అయిదంతస్తుల పగోడా మధ్య స్తంభం క్రీ.శ. 594లో కొట్టిన హినోకి చెట్టుదని 2001లో ప్రకటించారు. పాత చరిత్ర గ్రంథమేమో ఆలయం 670లో తగలబడిందని రాసింది. కాలిపోయాక మళ్లీ కట్టిన పగోడాలోకి అంతకుముందు డెబ్బై ఆరేళ్ల కిందటి చెట్టు ఎలా వచ్చింది? ఎక్కడో నిలవ ఉంచారా, ఇంకో కట్టడంలోంచి తెచ్చారా అన్న చర్చ నడిచింది. వలయం అబద్ధం చెప్పలేదు. మనం వేసిన ప్రశ్నకి కాకుండా, దానికి తెలిసిన ప్రశ్నకి జవాబిచ్చింది.

రష్యాలోని నొవ్‌గొరొద్‌లో బురదలో కూరుకుపోయిన కర్ర వీధులు 28 అంతస్తులు బయటపడ్డాయి. కోల్చిన్ అనే పరిశోధకుడు వాటి వలయాలతో 953 నుంచి 1462 దాకా ఏ పరుపు ఏ ఏట వేశారో తేల్చాడు. ఇక ఐరోపా నదీగర్భాల్లో పూడిన ఓక్, పైన్ దుంగలతో జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం కూర్చిన వరస 12 వేల ఏళ్లు దాటింది. చలిదేశాల్లో ఈ శాస్త్రం తాలూకా ఆఫీసు రికార్డంత మామూలైపోయింది.

మన ఇంటి కర్రలో పలికేది ఏది?

మన దగ్గర మొదటి చిక్కు కర్ర జాతిలోనే ఉంది. చలిదేశంలో శీతాకాలం ప్రతి చెట్టునీ ఆపుతుంది కాబట్టి గీత పడుతుంది. మన వాతావరణంలో కొన్ని చెట్లు ఆగుతాయి, కొన్ని ఆగవు, కొన్నిటికి అసలు వలయమే లేదు.

అనకాపల్లి చుట్టుపక్కల సముద్రం వైపు పల్లెల్లో పేదసాదల ఇంటి పైకప్పు మోసింది తాడిచెట్టే. నిలువునా చీల్చిన తాటి వాసాలు, తాటి దూలాలు. పాతబడ్డ తాటి చేవ ఉక్కులా ఉంటుంది, చెదలకి లొంగదు. కాని తాడి గడ్డిజాతికి చుట్టం. దానికి ఏటా మందం పెంచే పొర లేదు. కోసి చూస్తే నల్లటి నారల చుక్కలే కనిపిస్తాయి. వందేళ్ల తాటి వాసం వలయాల లెక్కకి మూగది.

ఏటికొప్పాక లక్క బొమ్మలకి వాడే అంకుడు కర్రని చూడండి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు తెల్లగా, మెత్తగా, ఒకే తీరున ఉంటుంది. రంధ్రాలు చిన్నవి, కర్రంతా సమంగా పరుచుకుని ఉంటాయి. తరిణె మీద అంత నున్నగా తిరగడానికి అదే కారణం. వలయాలు మసకగా ఉండటానికీ అదే కారణం. బొమ్మల కళాకారుడికి వరమైన గుణం కాలం లెక్క కట్టేవాడికి శాపం.

శ్రీకాకుళం, విజయనగరం వైపు అడవుల గుగ్గిలం ఉంది. సాలవృక్షం అంటే అదే. రైలు పట్టాల కింద స్లీపర్లుగా ఎంతో పేరున్న కర్ర. ఆకు రాలడం, కొత్తాకు రావడం ఇంచుమించు ఒకేసారి జరిగే చెట్టు కాబట్టి దాని గీతలు తేటగా విడిపడవు.

మిగిలింది టేకు. టేకు మాత్రం ఖాతా రాసే చెట్టు. వేసవి ముదిరేసరికి ఆకులన్నీ రాల్చి బోసిగా నిలబడుతుంది. తొలకరికి మేలుకుంటుంది. మేలుకున్న వెంటనే పెద్ద రంధ్రాల వరస వేస్తుంది, వానలు తగ్గేకొద్దీ దట్టమైన కర్ర కడుతుంది. ఉగాది వచ్చేసరికి లెక్క మూసేస్తుంది. ఇందులో మనకో సుళువు కూడా ఉంది. టేకు వలయం ఒక తెలుగు సంవత్సరంలోనే మొదలై అందులోనే ముగుస్తుంది.

టేకు రాసిన పద్దు

టేకు వలయాలు ఏటి వలయాలేనని జావా దీవి ముందే చూపించింది. డచ్ వాతావరణ శాస్త్రవేత్త బెర్లాగ 1931లో 1514 నుంచి 1929 దాకా నాలుగు వందల ఏళ్ల టేకు వరస ప్రచురించాడు. ఉష్ణదేశంలో వలయాల లెక్క సాగదన్న వాదనకి అదే తొలి జవాబు. మన దేశంలో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కె.ఎ. చౌదరి 1930ల నుంచి మన చెట్లలో వలయాలు ఎలా పడతాయో ఒక్కో జాతినీ పట్టి పరిశీలించారు. ఆ తర్వాత లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, పుణేలోని ఉష్ణదేశ వాతావరణ పరిశోధన సంస్థ ఈ పనిని ముందుకు తీసుకెళ్లాయి.

పుణే బృందం కేరళ టేకుతో 1481 నుంచి 2003 దాకా 523 ఏళ్ల వరస కూర్చి 2010లో ప్రచురించింది. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏళ్లలో మన రుతుపవనం కుంటుపడితే, ఆ వలయాలు సన్నబడ్డాయని చూపింది. మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దుకి దగ్గరున్న ఆలపల్లి టేకు మీద, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ టేకు మీద కూడా అధ్యయనాలు వచ్చాయి. లక్నో పరిశోధకులు అవిభక్త ఆంధ్రప్రదేశ్ టేకునీ పరీక్షించారు. 2010లోనే ఆసియా అంతటి నుంచి మూడు వందలకి పైగా వలయ వరసలు కలిపి రుతుపవన కరువుల పటాన్ని 'సైన్స్' పత్రికలో అచ్చేశారు. 1790ల తొలిసగం కరువు, 1876-78 మహా కరువు అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఇంత పని జరిగింది గాని, దాదాపు అంతా వానల కోసం జరిగింది, ఇళ్ల కోసం కాదు. చెట్టుని అడిగాం, దూలాన్ని అడగలేదు. హిమాలయాల అవతల పరిస్థితి వేరు. నేపాల్‌లోని ముస్తాంగ్ లోయల్లో పాత ఇళ్ల, ఆలయాల కర్ర మీద జర్మనీ కొలోన్ పరిశోధకులు 1990లలోనే వరసలు కట్టారు. అక్కడ పైన్ లాంటి జాతులు ఉండటం, పొడి గాలికి కర్ర వందల ఏళ్లు నిలవడం కలిసొచ్చింది.

మనకి కర్ర నిలవకపోవడం కొత్త సంగతి కాదు. అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ బౌద్ధారామాల్లో రాయి మిగిలింది, ఇటుక మిగిలింది. వాటి తలుపులు, కప్పులు, భిక్షువుల మంచాలు ఏవీ మిగల్లేదు. ఏలూరు జిల్లా గుంటుపల్లి గుహలో గుండ్రటి చైత్యం కప్పుకి లోపలివైపు వాసాల్లాంటి పట్టీలు రాతిలో చెక్కి ఉన్నాయి. అవి ఏ బరువూ మోయవు. అంతకుముందు కర్రతో కట్టిన గుండ్రటి కట్టడాన్ని రాతిలో చెక్కిన జ్ఞాపకం అది. మన తీరం చుట్టిల్లు తెలిసినవాళ్లకి ఆ కప్పు కొత్తగా అనిపించదు. ఆ కర్ర ఎప్పుడో చెదల పాలైంది. అందుకే మన వలయాల లెక్క బౌద్ధుల కాలం దాకా వెళ్తుందని ఆశపడకూడదు. మనకి అందేది మూడు నాలుగు వందల ఏళ్లు. మండువా లోగిళ్లు, జమీందారీ కచేరీలు, గుడి తలుపులు, తేరులు. అదేమీ తక్కువ కాదు.

రంగం నుంచి వచ్చిందా?

ఇప్పుడు అడితిలో మొదటి మాట. ఉత్తరాంధ్రలో రంగం అంటే రంగూన్. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాక కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి కూలీలు రంగం వెళ్లారు, రంగం నుంచి టేకు వచ్చింది. 1942 మార్చిలో జపాన్ సేన రంగూన్‌ని పట్టుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి మన ఇంటి దూలం నిజంగా బర్మా టేకైతే, చాలావరకు ఆ తొంభై ఏళ్ల సందులో వచ్చి ఉండాలి. కాని బర్మా టేకు అన్న పేరుకి ధర పలుకుతుంది కాబట్టి గోదావరి టేకు, బస్తర్ టేకు కూడా ఆ పేరు మీదే అమ్ముడుపోతాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం సామెతలోనే కాదు, అడితిలోనూ ఉంది.

రంగు, వాసన, నూనె మెరుపు చూసి దేశం చెప్పడం మేస్త్రి అనుభవం. వలయాల వరస చూసి చెప్పడం లెక్క. బర్మాలో మైంగ్‌థా అడవి టేకుతో 1613 నుంచి 2009 దాకా వరస 2011లో ప్రచురితమైంది. ఒక దూలం వలయాలు ఆ వరసతో గట్టిగా కలిసి, మధ్యభారత వరసలతో కలవకపోతే అది ఎక్కడి చెట్టో చెప్పినట్టే. ఐరోపాలో బాల్టిక్ తీరపు ఓక్ పలకలు ఇంగ్లండు, నెదర్లాండ్స్ చిత్రకారుల ఈజెల్ మీదికి ఎలా చేరాయో ఇలాగే తేల్చారు. ఒక ఊరి కలప ఏ రేవు దాటి వచ్చిందో చెప్పడమంటే, ఆ ఊరి వర్తకం, వలస, అప్పుల కథ చెప్పడమే. రంగం వెళ్లినవాళ్ల ఉత్తరాలు ఎన్ని మిగిలాయో గాని, వాళ్ల వెనకాల వచ్చిన దూలాలు మాత్రం ఇంకా కప్పులు మోస్తున్నాయి.

చివరి వలయం ఇంటి పుట్టినరోజు కాదు

దూలం చెప్పేది చెట్టు చచ్చిన ఏడు. ఇల్లు కట్టిన ఏడుకి దాని నుంచి ఎంత దూరమన్నది మనం విడిగా తేల్చాలి. మన దగ్గర ఆ లెక్క తప్పడానికి నాలుగు కారణాలున్నాయి.

మొదటిది తెల్లచెక్క. దుంగలో చేవ చుట్టూ ఉండే లేత పొర చెదలకి ఇష్టం. వడ్రంగి బాడిత పట్టగానే ముందు చెక్కేసేది దాన్నే. ఆఖరి వలయాలన్నీ అందులోనే ఉంటాయి. ఇంగ్లండు ఓక్‌లో తెల్లచెక్క వలయాలు మామూలుగా 9 నుంచి 41 దాకా ఉంటాయని లెక్క కట్టుకున్నారు కాబట్టి, అది పోయినా అంచనా వేయగలుగుతున్నారు. మన టేకుకీ ప్రాంతాల వారీగా అలాంటి లెక్క కావాలి. అది లేనంతకాలం చెక్కేసిన దూలం "ఫలానా ఏడు తర్వాత" అన్న మాట వరకే చెబుతుంది.

రెండోది బర్మా పద్ధతి. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది. అందుకే చెట్టు మొదట్లో చుట్టూ గాటు పెట్టి చంపి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చి అప్పుడు కొట్టేవారు. ఏనుగులు వాగు దాకా లాగేవి. వాగు పొంగేదాకా దుంగ ఆగేది. ఐరావతి వెంట తేలుకుంటూ రంగూన్ చేరేసరికి ఇంకొన్నేళ్లు పట్టేది. ఆ తర్వాత ఓడ, తర్వాత మన అడితి. చివరి వలయానికీ మన గృహప్రవేశానికీ మధ్య ఇంత ప్రయాణం ఉంది.

మూడోది పాత కర్ర మళ్లీ వాడటం. తాతగారి లోగిలి కూలితే దూలాలు మనవడి మిద్దెకి వెళ్లాయి. ద్వారబంధం ఒక ఊరిది, తలుపులు ఇంకో ఊరివి. కర్ర మీద పనికిరాని కాడి గాడులు, ఏ వాసమూ దూరని తొలులు కనిపిస్తే ఇది ఇంకెక్కడో బతికి వచ్చిందని అనుమానించాలి. ఒక్క దూలం చూసి ఇంటి వయసు చెప్పకూడదని హోర్యూజీ నేర్పిన పాఠం ఇదే. దూలం, వాసం, స్తంభం, గడప కలిపి పదైనా చూడాలి. ఎక్కువ కర్రలు ఒకే రెండు మూడేళ్లకి గుమిగూడితే అప్పుడు నమ్మొచ్చు.

నాలుగోది దొంగ వలయం. వానాకాలం మధ్యలో నెలరోజులు ఎండ కాసినా, పురుగు పట్టి ఆకంతా తినేసినా టేకు ఒకసారి ఆగి మళ్లీ పెరుగుతుంది. ఏడాదికి రెండు గీతలు కనిపిస్తాయి. మా వైపు జూన్‌లో నైరుతి, అక్టోబరులో తుఫాను వానలు ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త రెట్టింపు. దుంగలో ఒకవైపు మాత్రమే కనిపించి రెండోవైపు మాయమయ్యే వలయాలూ ఉంటాయి. సన్నటి రంధ్రం తొలిచి తీసిన పుల్లకన్నా పూర్తి అడ్డకోత బిళ్ల మేలనేది అందుకే.

ధాత, నందన, వికారి

మన పాత ఇళ్లలో కొన్నిటి గుమ్మాల మీద, గుడి తలుపుల మీద సంవత్సరం పేరు చెక్కి ఉంటుంది. సమస్య ఏమిటంటే ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. "ధాత నామ సంవత్సరం" అని ఉంటే అది 1816 కావచ్చు, 1876 కావచ్చు, 1936 కావచ్చు. అక్షరాల తీరు చూసి ఊహించేవాళ్లు ఊహిస్తారు. ఇక్కడ వలయాల లెక్క బాగా అక్కరకొస్తుంది. ఆ గుమ్మం కర్రలో మిగిలిన ఆఖరి వలయం 1840 నాటిదని తేలిందనుకుందాం. 1816 అక్కడికక్కడే రద్దయిపోతుంది. అదే ఇంటి వాసంలో బెరడు అంచుతో 1874 దొరికితే ఇక వాదన లేదు. శాసనం ఒక్కటే అరవై ఏళ్ల అవధిలో తిరుగుతుంది, వలయం ఒక్కటే ఇన్నేళ్ల తర్వాత అని ఊరుకుంటుంది. రెండూ కలిస్తే ఏడు దొరుకుతుంది.

కరువుల పేర్లు కూడా మనకి సంవత్సరాల పేర్లతోనే గుర్తున్నాయి. 1832-33 గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది నందన కరువు. 1876లో మొదలైంది ధాత కరువు. 1866లో ఒరిస్సాని, గంజాంని కుదిపిన కరువు విశాఖ జిల్లానీ తాకింది. 1899 వికారి. వలయాల పరిశోధకుడు మొదట వెతికేది ఇలాంటి గుర్తు ఏళ్లనే. జనం నోట్లో మిగిలిన కరువుకీ, కర్రలో సన్నబడిన గీతకీ పోలిక కుదిరితే వరసకి మేకు దిగినట్టు.

మనకి ఇంకో ఆసరా ఉంది. డగ్లస్‌లాగే ఆకాశం చూసేవాళ్లు విశాఖలో అంతకన్నా ముందే ఉన్నారు. గోడే జమీందారీ కుటుంబానికి చెందిన వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. అక్కడ గ్రహణాలతో పాటు వాతావరణాన్నీ గమనించారు. అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం 1913లో మొదలైంది. ఇలాంటి చోట్ల దొరికే పాత వానల పద్దులు, కొండ మీద నేటి టేకు వలయాలు పక్కపక్కన పెట్టి చూడటం ఇక్కడ వేయాల్సిన మొదటి అడుగు.

వలయాలు చాలనప్పుడు

దూలంలో ఇరవై ముప్పై వలయాలే ఉంటే పోలిక కుదరదు. అంత చిన్న వరస ఎక్కడైనా అతుక్కుంటుంది. కనీసం యాభై, వీలైతే ఎనభై దాటాలి. తక్కువైన చోట మరో రెండు దారులున్నాయి.

ఒకటి రేడియోకార్బన్. మామూలుగా ఒక ముక్క పరీక్షిస్తే 1650 తర్వాతి కాలానికి స్పష్టమైన జవాబు రాదు. ఆ మూడు వందల ఏళ్లలో గాలిలోని రేడియోకార్బన్ ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల ఒకే కొలతకి రెండు మూడు కాలాలు సరిపోతాయి. మన పాత ఇళ్లన్నీ సరిగ్గా ఆ సందులోనే ఉన్నాయి. కాని ఒకే దూలంలో పదేళ్ల ఎడంతో నాలుగైదు వలయాలు తీసి పరీక్షిస్తే, ఆ ఎగుడుదిగుడే గుర్తుగా మారి కాలం బిగుసుకుంటుంది. 774-775లో ఆకాశం నుంచి వచ్చిన కిరణాల దెబ్బ ఆ ఏటి వలయంలో రేడియోకార్బన్‌ని ఒక్కసారిగా పెంచిందని జపాన్ శాస్త్రవేత్త ఫుసా మియాకే బృందం 2012లో చూపింది. 993లో వచ్చిన అలాంటి గుర్తు నుంచి లెక్కపెట్టి, కెనడా తీరంలో వైకింగులు 1021లో చెట్లు కొట్టారని 2021లో తేల్చారు. మన ఇళ్లకి ఆ ఏళ్లు మరీ పాతవి, పద్ధతి మాత్రం పనికొస్తుంది.

రెండోది ఆక్సిజన్ ఐసోటోపులు. వలయం వెడల్పు కాకుండా, ఆ ఏడు చెట్టు తాగిన వాన నీటి గుర్తుని కర్రలోంచి తీస్తారు. వెడల్పులు సరిగ్గా పలకని ఓక్ కర్రలకి బ్రిటన్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయం 2019లో ఈ పద్ధతితో మూల వరస ప్రచురించింది. మన దేశంలో టేకు ఐసోటోపుల మీద అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల పని చేసింది. రుతుపవన దేశానికి ఈ దారే ఎక్కువ పట్టుతో ఉంటుందని నా అభిప్రాయం. వెడల్పుని చెట్టు వయసు, నీడ, పురుగు, మట్టి అన్నీ మారుస్తాయి. వాన నీటి గుర్తు మాత్రం ఒక ప్రాంతంలో చెట్లన్నిటికీ దాదాపు ఒకటే.

చేజారుతున్న పద్దు

పరికరం కొరత కాదు, కర్ర కొరతే మన అసలు లోటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖ, అనకాపల్లి దారుల్లో పడిపోయిన పెద్ద చెట్లని వారాల తరబడి కోసి తరలించారు. పడిన ఏడు ఖచ్చితంగా తెలిసిన అన్ని చెట్లు మళ్లీ ఒకేసారి దొరకవు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ఓ వరస పాత ఇళ్లు నేలమట్టమవుతాయి. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం తగలబడింది, దాదాపు అరవై ఏళ్ల నాటిది. అంతకుముందు ఏడాది పారిస్ నోత్రదామ్ చర్చి కప్పు కాలినప్పుడు అక్కడివాళ్లు బొగ్గైన దూలాలకి నంబర్లు వేసి పరిశోధనకి దాచారు. కాలిన దూలంలోనూ వలయాలు ఉంటాయి. హెచ్‌హెచ్-39 అలాంటిదే.

మొత్తం చూస్తే తీర్పు ఇది. వలయాల లెక్క మన ఇళ్లకి పనికొస్తుంది, కాని టేకు వరకే. చెట్టు చచ్చిన ఏడు చెబుతుంది, ఇల్లు నిలిచిన ఏడు చెప్పాలంటే శాసనం, దస్తావేజు, వడ్రంగి గాటు తోడు కావాలి. అడవిలో బతికున్న టేకు, గుడిలో పాత తలుపు, అడితిలో కూలిన దూలం ఈ మూడూ కలిపి తూర్పు కనుమలకి సొంత మూల వరస ఒకటి కట్టాలి. ఆ పని విశ్వవిద్యాలయం మొదలుపెట్టేదాకా కర్ర మాత్రం మన కోసం ఆగదు.

కాబట్టి మీ ఇంట్లో పాత కప్పు విప్పుతుంటే ఒక్క పని చేయండి. చిత్రిక మిషనుకి పంపేముందు, బెరడు అంచుకి దగ్గరగా ఉన్న దూలం చివర నుంచి రెండంగుళాల మందాన అడ్డకోత బిళ్ల ఒకటి తీయించండి. దాని వెనక పెన్సిలుతో ఊరి పేరు, ఇంట్లో ఆ దూలం ఉన్న చోటు, విప్పిన తేదీ రాసి నీడలో ఆరబెట్టి అటక మీద పెట్టండి. దూలం ధరలో తగ్గేది ఆ రెండంగుళాలే.